మొదటి జవాబుకు ఒప్పుకోని సారు

మొన్న ఆదివారం మా తమ్ముడి బట్టల దుకాణంలో ఊరికే కూర్చున్నాను. చలి బాగా ముదిరింది. మా ఊరు ఖేడ్‌లో ఈ నెలంతా రగ్గుల గిరాకీయే. కంగ్టి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండు రగ్గులు పక్కపక్కన పరచుకొని, వేళ్ళతో నలిపి చూస్తూ, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక తిప్పలు పడుతున్నాడు. మా తమ్ముడు మా నాయన దగ్గర నేర్చిన పాటే అందుకున్నాడు.

"గిది కప్పుకొని పండుకో పెద్దనాయ్నా, పక్కల పొయ్యి పెట్టుకున్నట్టే. అంత వేడి ఇస్తది."

"ఎట్ల తెలుసు?" అన్నాను.

అనాలనుకొని అన్నది కాదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. పెద్దాయన చెయ్యి రగ్గు మీద ఆగిపోయింది. మా తమ్ముడు నా వైపు చూసిన చూపు మా నాయన కూడా ఎప్పుడూ చూడలేదు.

"అన్నా, నీ బడి బడిల పెట్టుకో. గిరాకీ ఖరాబ్ చెయ్యకు."

"మంచిగనే అడిగిండు కద," అన్నాడు పెద్దాయన, హుషారుగా. "చెప్పు మరి. వేడి ఇస్తదని ఎట్ల తెలుసు?"

చివరికి మా తమ్ముడు ధర తగ్గించాల్సి వచ్చింది. ఆ కోపంతో సాయంత్రం దాకా నాకు చాయ్ కూడా తెప్పించలేదు.

నిజానికి ఆ రెండు మాటలు నావి కావు. నేను మొదట సైన్సు టీచరుగా చేరిన బడిలో, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దయిన ఇంకో సైన్సు సారువి. ఆయన రెండేళ్ళ కింద బీదర్‌లో కూతురింట్లో ఉండగా పోయారు. కబురు నాకు చాలా ఆలస్యంగా అందింది. పరామర్శకు పోదామంటే పోవాల్సిన రోజులు దాటిపోయాయి. ఏడుపు కూడా సమయానికి రాలేదు. కానీ ఇలా ఏ దుకాణంలోనో, ఏ క్లాసులోనో ఆయన మాట నా నోట్లోంచి ఎగిరి దూకినప్పుడు మాత్రం ఎందుకో నిమ్మళంగా ఉంటుంది.

మా బడి మనూర్ దారిలో ఒక ఊళ్ళో ఉండేది. ఇద్దరం ఖేడ్ నుంచే పోయేవాళ్ళం, బస్సు దొరికితే బస్సులో, లేకపోతే షేర్ ఆటోలో. పొడుగాటి మనిషి. ఆటోలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. చొక్కా జేబులో పెన్నుతోపాటు ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది: ఒక అయస్కాంతం ముక్క, కాగితంలో చుట్టిన పగిలిన అద్దం, రెండు చింతగింజలు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో మా అందరికన్నా చిక్కటి తెలుగు. కోపం వస్తే ఉర్దూలో తిడతారేమోనని మొదట్లో భయపడ్డాను. తర్వాత తెలిసింది, ఆయన ఉర్దూలోకి జారేది సంతోషం పట్టలేనప్పుడేనని.

బస్సెక్కగానే ఆయన చేసే మొదటి పని, ఒక చెయ్యి ఇనుప కడ్డీ మీద, ఇంకో చెయ్యి సీటు మీద పెట్టడం. చలికాలం పొద్దున పక్కనున్న మనిషి ఎవరైనా సరే, అడిగేవారు.

"గీ రెండిట్ల ఏది సల్లగున్నది?"

"కడ్డీ సార్. ఐసు లెక్కున్నది."

"రాత్రంత రెండూ గీ బస్సులనే ఉన్నయి కద. ఒకటే గాలి, ఒకటే చలి. మరి కడ్డీనే ఎందుకు సల్లగైంది?"

ఆ మనిషి మొహం చిట్లించి తను దిగాల్సిన ఊరు వచ్చేదాకా ఆలోచించేవాడు. ఈయన జవాబు చెప్పేవారు కాదు. ఒక కండక్టరు నెల రోజుల తర్వాత ఆయన్ని పట్టుకొని "సార్, నాకు నిద్ర వడ్తలేదు, జర చెప్పు" అని బతిమాలాడు. "కడ్డీ సల్లగ లేదు భై. నీ చేతిల వేడిని అది జల్దీ గుంజుకుంటది. సీటు గుంజుకోదు," అని చెప్పి, అప్పుడు కూడా "నమ్మకు, రేపు పట్టుకొని చూడు," అన్నారు.

నేను దుకాణపోళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో పిల్లలకు మాటలు వచ్చేది బేరంతోనే. నాకు బేరం ఆడకుండా ఉప్పు కొన్నా ఆ పూట అన్నం సహించదు. అలాంటి నాకు ఆయనతో అంగడికి పోవడం ఒక శిక్ష. వంకాయలమ్మే తల్లి ఎంత చెబితే అంతకు సంచీ తెరిచేవారు.

"సార్, జర ఆగుండ్రి. రెండడుగులు ముందుకేస్తే ఆమెనే పిలుస్తది. తగ్గిస్తది."

"ఎందుకు తగ్గియ్యాలె?"

"అసలు ధర అది కాదు సార్."

"పండిచ్చింది ఆమె. నెత్తి మీద మోసుకొచ్చింది ఆమె. ధర ఆమెకు తెల్సు. నాకేం తెల్సని కొట్లాడాలె?"

అదే మనిషి క్లాసులోకి పోతే ఇంకో అవతారం. పిల్ల లేచి జవాబు చెబితే, అది సరైనదైనా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పినా, పుచ్చుకునేవారు కాదు. "ఎట్ల తెలుసు?" అనేవారు. "బుక్కుల ఉన్నది సార్." "బుక్కోనికి ఎట్ల తెలుసు?" పిల్ల ఇంకో మెట్టు దిగేది. ఆయన ఇంకో మెట్టు దింపేవారు. పక్క గదిలో ఉండి వింటుంటే నాకు మా నాయన, పట్టుచీర కోసం వచ్చిన పెళ్ళివారు గుర్తొచ్చేవారు. బజారులో మొదటి ధరకే కొనే మనిషి, క్లాసులో మొదటి జవాబుకు చచ్చినా ఒప్పుకునేవారు కాదు. ఈ తిరకాసు నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. ఏ ప్రయోగమైనా మొదలుపెట్టే ముందు పిల్లలందరూ నోటుపుస్తకం అంచున 'అందాజ' రాయాలి. అంటే ఏం జరుగుతుందనుకుంటున్నారో ఒక్క ముక్కలో. పెన్సిలుతో కాదు, పెన్నుతో. తర్వాత అది తప్పని తేలినా కొట్టివేయకూడదు. "అందాజ తప్పయితే బుక్కు ఖరాబ్ గాదు. కొట్టేస్తే ఖరాబ్ అయితది," అనేవారు. పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు కూడా అందాజ సారే. నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు నేను పేజీ మధ్యలో చూస్తే ఆయన అంచులు చూసేవారు.

ఒకసారి ఒక పిల్లాడు అడిగాడు, గుడ్డు లోపలున్న కోడిపిల్లకు గాలి ఎక్కడినుంచి వస్తుందని. ఈయన రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని, లడ్డూ దొరికినట్టు, "నాకు తెల్వదు!" అన్నారు. మధ్యాహ్న భోజనం వండే అవ్వ దగ్గర ఒక గుడ్డు అడుక్కొని, వేడినీళ్ళలో వేశారు. పెంకుకున్న కంటికి కనపడని రంధ్రాల్లోంచి సన్న సన్న బుడగలు లేస్తుంటే క్లాసంతా గిన్నె చుట్టూ మూగింది. ఈయన ఉర్దూలో ఏదేదో అనుకుంటున్నారు. అవ్వ మాత్రం గుమ్మంలో నిలబడి, "గాలి పోతే పోనీ, గుడ్డు ఎవ్వలు తింటరు సారూ? లెక్కకు తక్కువైతది," అని గొడవ.

ఆ 'తెల్వదు' అనే మాటకు నేను హడలిపోయేవాణ్ణి. దుకాణంలో ఆ మాట అనకూడదు. రంగు వెలుస్తుందా అంటే వెలవదు. ఉతికితే గుంజుకుంటుందా అంటే గుంజుకోదు. తెలియదంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. నేను సైన్సు చదివింది కూడా అలాగే. ప్రశ్న చివర ఉన్న మాటను బట్టి ఏ పేరా అప్పజెప్పాలో గుర్తుపెట్టుకొని, మార్కులు తెచ్చుకొని, తాత్కాలిక ఉద్యోగం సంపాదించి, గట్టి గొంతుతో పాఠం చెప్పేవాణ్ణి. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. హెడ్మాస్టరు వరండాలోంచి విని తల ఊపేవారు. ఇంకేం కావాలి?

సారు మాత్రం స్టాఫ్‌రూములోకి రాగానే, "ఏంది సేఠ్, ఇయ్యాల ఏమమ్మినవ్?" అనేవారు. పొగడ్త అనుకొని నవ్వేవాణ్ణి.

ఎండలు మొదలైన రోజులవి. ఎనిమిదో తరగతికి ఉష్ణం పాఠం చెబుతున్నాను. ఉన్ని బట్టల దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపు వచ్చింది. అది మా ఇంటి సరుకు కదా! మా దుకాణంలో ఏ రగ్గు ఎంత వేడి ఇస్తుందో, మా నాయన ఎట్లా అమ్ముతాడో యాక్షన్ చేసి చూపించాను. ఆ ఊపులోనే అడిగాను.

"ఐసు గడ్డకు గొంగడి చుట్టినమనుకోండ్రి. ఏమైతది?"

ఎవరూ చెప్పకముందే నేనే చెప్పాను. "జల్దీ కరుగుతది. ఎందుకంటె గొంగడి వేడి ఇస్తది."

వెనక బెంచీలోంచి భాగ్య లేచింది. బక్కపల్చటి పిల్ల. తాత గొర్రెలు కాస్తాడు. రోజుకు నాలుగు ప్రశ్నలైనా అడగందే ఊరుకునేది కాదు. నిజం చెప్పాలంటే ఆ పిల్ల ప్రశ్నలకు భయపడే నేను గొంతు పెంచేవాణ్ణి.

"కరగదు సార్," అంది. "మా తాత ఎండల గూడ గొంగడి కప్పుకుంటడు. ఎండ లోపటికి రాదంటడు."

నాకు ఆలోచించే అలవాటు లేదు. ఎదురు మాట వచ్చిందా, కొట్టిపడేయాలి. అది ఒంట్లో ఉన్న విద్య.

"అయితే మీ తాతకు చెప్పు, కూలర్లమ్మే దుకాణం ముంగట గొంగళ్ళ దుకాణం పెట్టుమని. మస్తు నడుస్తది!"

క్లాసు గొల్లుమంది. ఒకడు బెంచీ మీద దరువేశాడు. ఇంకొకడు "గొంగడి కూలర్, గొంగడి కూలర్" అని అందుకున్నాడు. భాగ్య కాసేపు నిలబడింది. తర్వాత కూర్చుంది. నేను గెలిచాను.

స్టాఫ్‌రూములో సారు నా కోసమే కాచుకొని ఉన్నారు. గోడ అవతలి నుంచి అంతా విన్నారు.

"మంచిగ అమ్మినవ్ సేఠ్. వాళ్ళు గూడ మంచిగ కొన్నరు. కొన్నోళ్ళంత నేర్చుకున్నట్టేనా?"

"నేను చెప్పింది తప్పా సార్?"

"తప్పని నేనన్ననా? ఎట్ల తెలుసని అడుగుతున్న."

"అందరికి తెలిసిందే కద సార్. రగ్గు కప్పుకుంటె వేడైతది."

"నువ్వు కప్పుకుంటె అయితది. మీ దుకాణంల మడత పెట్టిన రగ్గులుంటయి కద, వాటి నడుమ ఎన్నడన్న చెయ్యి పెట్టి చూసినవా? వేడిగుంటదా?"

నేను ఆ మడతల మధ్య పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఆ అలమారలోనే దూరి పడుకునేవాణ్ణి. చల్లగా ఉంటుందనే పడుకునేవాణ్ణి. ఆయన రొట్టె డబ్బా సర్దుకొని క్లాసుకు పోయారు.

తప్పు తెలిశాక తెలివైన దుకాణదారు ఏం చేస్తాడు? ఆ గుడ్డ తాను వెనక్కి నెట్టి ఇంకో తాను ముందు పరుస్తాడు. నేనూ అదే చేశాను. మరునాడు కాంతి పాఠం మొదలుపెట్టాను. పిల్లలు మరిచిపోతారులే అనుకున్నాను. పిల్లలు మరిచిపోయారు కూడా. ఒక్క పిల్ల తప్ప.

భాగ్యను ప్రశ్న అడిగితే లేచి, చేతులు కట్టుకొని, "తెల్వదు సార్," అనేది. తెలిసినవి కూడా. మొదటి రోజు అలిగిందనుకున్నాను. రెండో రోజు అద్దంలో మన కుడిచెయ్యి ఎటువైపు కనిపిస్తుందని అడిగాను. మూడేళ్ళ పిల్లయినా చెబుతుంది. "తెల్వదు సార్." సారు నోట తలుపు తెరిచే మాట ఆ పిల్ల నోట గడియలా పడుతోంది. మూడో రోజు అడగటానికి నాకే ధైర్యం చాలలేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. మా అమ్మ దిష్టి అనుకొని ఏదో తిప్పి పడేసింది.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు సారు నా వైపు చూడకుండా అన్నారు.

"ఆ పొల్ల ఇగ సైన్సు క్లాసుల నోరు తెరవదు. ఈ ఏడు గాదు, ఎన్నడూ. గసోంటోళ్ళను మస్తుమందిని చూసిన. పాసయితరు, పోతరు. అడుగుడు మాత్రం బందైతది."

"ఏం చెయ్యాలె సార్?"

"నన్నెందుకు అడుగుతవ్? పోయి ఆ పొల్లకు చెప్పు, నువ్వన్నది నిజమో కాదో నీకు తెల్వదని."

నేను బేరానికి దిగాను. అలవాటు.

"పక్కకు పిలిచి చెప్త సార్. వరండాల."

"నవ్విచ్చింది యాడ? వరండాలనా?"

"క్లాసులనే చెప్త. కాని ఆమె పేరు తియ్య. పాఠం మళ్ళ మంచిగ చెప్త, గంతే."

"ఊహూఁ."

"పరీక్షల్ల ఆమెకు మంచి మార్కులేస్త."

ఈసారి ఆయన నా వైపు తిరిగారు. "మార్కులు ఆమెకెట్లయిన వస్తయి. నీదేం పోతుంది ఇందుల?"

"సార్, నేను కొత్తోన్ని. పర్మినెంట్ కూడ గాదు. తప్పు చెప్పినని నా నోటితోటి నేనే అంటె, రేపట్నుంచి నేను చెప్పేది ఎవ్వలు నమ్ముతరు? హెడ్మాస్టర్ సార్ ఉంచుతడా నన్ను?"

"నమ్మకుంటె మంచిదే కద. చూసి తెల్సుకుంటరు." తర్వాత మెత్తగా అన్నారు. "ఐసు తే. గొంగడి ఆ పొల్లనే అడుగు, మీ దుకాణం రగ్గు వద్దు. నీ అందాజ బోర్డు మీద రాయి. పిల్లలు గూడ రాస్తరు. అందరు కలిసి చూడుండ్రి. ఇంకొకటి, ముందుగాల ఇంట్ల చేసి చూసి రాకు. చూసి వస్తే అది నాటకమైతది."

అంగడిలో వంకాయకు బేరమాడని మనిషి, ఒక్క పైసా తగ్గలేదు.

మరునాడు క్లాసులోకి పోయి, గోడ వైపు చూస్తూ, "మొన్న ఐసు గురించి చెప్పిన కద, అది నిజమో కాదో నాకు తెల్వదు. రేపు చేసి చూద్దాం," అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "భాగ్యా, రేపు మీ తాత గొంగడి తెస్తవా?" అని అడిగాను. ఆ పిల్ల తల దించుకొని ఉంది.

ఆ సాయంత్రం సారు నాకన్నా ముందు బస్సుకే పోయారు. ఖేడ్‌లో బస్సు దిగగానే నా బుద్ధి నన్ను లాక్కుపోయింది. సారు వద్దన్నారు నిజమే. కానీ సరుకు చూడకుండా ఎవడైనా కొంటాడా? ఒక చిన్న ముక్క ఇంటికి తీసుకుపోయి, రగ్గు చుట్టి చూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? బస్టాండు బయట ఐసు గోలా బండి దగ్గర ఆగాను.

"ఒక గడ్డ ఇయ్యి భై."

బండి అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఇయ్య."

"ఎందుకు?"

"సారు చెప్పి పోయిండు. దుకాణపోళ్ళ టీచరు వస్తడు, ఇయ్యాల ఇయ్యకు, రేపు పొద్దుగాల ఇయ్యి అన్నడు."

"డబల్ పైసలిస్త."

"గది గూడ చెప్పిండు, డబలంటడు అని."

నేను చూస్తుండగానే అతను గడ్డ మీద రంపపు పొట్టు చల్లి, రెండు గోనెసంచులు కప్పి, పైన ఇంకో పాత కంబళి కప్పాడు. ఐసు కరగకుండా. నేను ఆ బండిని పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఎన్ని వందల సార్లు ఆ గోనెలు పైకెత్తి గడ్డ తీయడం చూసి ఉంటాను! గోలా ధర దగ్గర కొట్లాడాను గానీ ఆ గోనెలెందుకని ఒక్కనాడూ అడగలేదు. అక్కడే, సోడా బుడ్ల పక్కన, నాకు సంగతి తెలిసిపోయింది. గొంగడి వేడినివ్వదు, చలినీ ఇవ్వదు. అటువైపు వేడిని ఇటు రానివ్వదు, ఇటు వేడిని అటు పోనివ్వదు. కావలివాడు. లోపల మనిషి ఉంటే మనిషి వేడి మనిషికే ఉంటుంది. లోపల ఐసు ఉంటే బయటి వేడి ఐసును చేరదు. ఇన్నేళ్ళూ మా నాయన, నేను, మా తమ్ముడు జనాలకు అమ్మింది వాళ్ళ ఒంటి వేడినే.

సారు ఐసు ఇవ్వొద్దన్నది నేను ముందే చూసుకోకూడదనా, లేక నేను ఎట్లాగూ పోతానని తెలిసి, పోయి ఆ గోనెల ముందు నిలబడాలనా? ఇప్పటికీ తేల్చుకోలేదు. అడిగితే చెప్పేవారు కాదు.

పొద్దున్నే గోనెలో చుట్టిన గడ్డను ఒళ్ళో పెట్టుకొని షేర్ ఆటో ఎక్కాను. బోరంచ గుడికి పోయే ఒక అవ్వ, "ఏంది సారూ, ఐసు గూడ బడికొస్తున్నదా? ఎన్నో క్లాసు?" అంది. ఆటో అంతా నవ్వింది. ఆ రోజు నవ్వులు ఇంకొకరి మీద కాదు, నా మీదే.

క్లాసులో నా బల్ల మీద నల్లటి గొంగడి మడతపెట్టి ఉంది. గొర్రెల వాసన. భాగ్య తన చోట కూర్చొని బయటికి చూస్తోంది.

బోర్డు మీద రాశాను: 'గొంగడిలో ఐసు ముందు కరుగుతుంది. మొన్న నేను చెప్పింది ఇదే.' అందరినీ అందాజ రాయమన్నాను. దాదాపు అందరూ నా మాటే రాశారు. పాపం, పాఠం చెప్పే సారు మాట కదా! గడ్డను రెండు ముక్కలు చేసి ఒకటి కిటికీ దగ్గర స్టీలు పళ్ళెంలో పెట్టాను. ఇంకొకటి గొంగడిలో చుట్టి బల్ల మీద పెట్టాను. కాసేపు పాఠం నడిపాను. ఏం చెప్పానో నాకే తెలియదు. నా చూపంతా పళ్ళెంలో చేరుతున్న నీళ్ళ మీదే.

గంట కొట్టే ముందు గొంగడి విప్పాను. లోపల గడ్డ, అంచులు కూడా పెద్దగా అరగకుండా, కూర్చొని ఉంది. పళ్ళెంలో చింతగింజంత మిగిలింది. దరువేసిన పిల్లాడే అందరికన్నా ముందు "అరే!" అన్నాడు.

బోర్డు తుడవాలని చెయ్యి లేచింది. ఆపుకున్నాను.

"నేను చెప్పింది తప్పు," అన్నాను. "భాగ్య చెప్పింది నిజం. ఆమె ఎండల తాతను చూసి చెప్పింది. నేను చూడకుండ చెప్పిన. చూడకుండ చెప్పి, నవ్విచ్చిన గూడ. అది ఇంకా పెద్ద తప్పు."

ఎవరూ నవ్వలేదు. నా మీద ఇల్లు కూలలేదు. నలభై మంది పిల్లలు నన్ను చూస్తున్నారు. అంతకు ముందెప్పుడూ చూడనంత శ్రద్ధగా చూస్తున్నారు. భాగ్య మాత్రం కదలలేదు. మొహంలో ఏమీ లేదు. అయిపోయింది, ఆలస్యమైపోయింది అనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల లేచింది. నా వైపు చూడలేదు, పళ్ళెం వైపు చూసింది.

"సార్, గిది సరిగ్గ చెయ్యలే."

"ఏంది?"

"దాన్ని స్టీలు పల్లెంల పెట్టినవ్, కిటికి కాడ. ఎండ వడ్తుంది. గొంగడిది చెక్క మీద, నీడల పెట్టినవ్. పల్లెం వేడి గుంజుకున్నదో, ఎండకే కరిగిందో, ఎట్ల చెప్తం? రెండూ ఒక్క తీరు పెట్టాలె కద."

వెనక నుంచి ఎవరో, "నువ్వే గెలిచినవ్ కదనే, మళ్ళెందుకు?" అన్నారు. "గెలుసుడు కాదు," అంది విసుగ్గా. "రేపు మళ్ళ చెయ్యాలె. రెండు పల్లాలు నేను తెస్త. ఐసు పెద్దది తే సార్, చిన్నది తెచ్చినవ్."

గంట కొట్టారు. నేను స్టాఫ్‌రూముకు నడిచి పోయానో ఎగిరి పోయానో గుర్తులేదు. హెడ్మాస్టరు వరండాలో ఎదురై ఏదో అడిగారు, ఏదో చెప్పాను. సారు జొన్నరొట్టె డబ్బా విప్పుకొని కూర్చున్నారు. ఐసు ఏమైందని అడగలేదు. ఎవరి మాట నిలబడిందనీ అడగలేదు.

"మాట్లాడిందా?" అన్నారు.

"మాట్లాడింది సార్."

"ఏమన్నది?"

"ప్రయోగం సరిగ్గ చెయ్యలేదన్నది. ఐసు గూడ చిన్నది తెచ్చినవన్నది."

ఆయన చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. భుజాలు కదలడం మొదలైంది. ఎంతసేపు నవ్వారంటే కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత డబ్బా నా ముందుకు జరిపారు. ఒక రొట్టె తిన్నాను. ఇంకొకటి తిన్నాను. మూడోది తినేటప్పుడు చూసుకుంటే, డబ్బాలో ఆయనకేమీ మిగల్లేదు.